సీలు వేసిన బోను

ఆఫీసులో అందరూ ఆయనను లక్క సారు అనేవారు. ఎదురుగా కాదు, ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాక. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ ఊరుకునేవాడు, నిజం చెప్పాలంటే లోలోపల కొంచెం మురిసిపోయేవాడు కూడా. కుడిచేతి బొటనవేలి గోటి కింద ఎర్రటి లక్క ఎప్పుడూ ఇరుక్కుని ఉండేది. చొక్కా జేబులో కొవ్వొత్తి ముక్క, అగ్గిపెట్టె, గుడ్డలో చుట్టిన ఇత్తడి ముద్ర. సిగరెట్టు ముట్టని మనిషి జేబులో అగ్గిపెట్టె ఎందుకని పెళ్ళయిన కొత్తలో భార్య నిలదీసిందట. ఆయన సీలు వేసే పద్ధతి మొదలుపెట్టి చివరిదాకా వివరించాడట. అదంతా విన్నాక సిగరెట్టే నయమనిపించిందని ఆవిడ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

ఆయన ఉద్యోగం అడవి జంతువులను దొంగతనంగా పట్టి అమ్మేవాళ్ళను పట్టుకోవడం. పట్టుకోవడం అందులో చిన్న భాగం. పట్టుకున్నదాన్ని కోర్టులో నిలబెట్టడమే అసలు పని. పులిగోరు కావచ్చు, ఏనుగు దంతం కావచ్చు, జింక తోలు కావచ్చు. ఏది దొరికినా సాక్షుల ఎదుట సంచిలో పెట్టి, మూతి కట్టి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వెయ్యాలి. ఆ ముద్ర చెక్కుచెదరకుండా కోర్టుకు చేరితేనే సంచిలో ఉన్నది ఆ రోజు దొరికినదేనని నమ్ముతారు. దారిలో ఎవరో విప్పి సరుకు మార్చారన్న సందేహం ఈగలా వాలినా చాలు, నిందితుడు దర్జాగా ఇంటికి వెళ్ళిపోతాడు.

ఇది ఆయన పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. పదిమందిలో మొహం వాచేలా చీవాట్లు తిని నేర్చుకున్నది.

ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, రైల్వే గేటు దగ్గర ఒక వ్యాను ఆపాడు. పండ్ల బుట్టల కింద పంజరాలు, పంజరాల్లో ఊపిరాడక ఒకదాని మీద ఒకటి పడి ఉన్న చిలకలు. వాటిని చూసి ఆ కుర్రవాడి మనసు ఆగలేదు. రోడ్డు పక్కనే పంజరాల తలుపులన్నీ తీసేశాడు. చిలకలు గోల చేసుకుంటూ చెట్ల మీదికి లేచిపోతుంటే తలెత్తి, మెడ నొప్పెట్టేదాకా చూశాడు. ఆయన ఉద్యోగ జీవితంలో కల్మషం లేని సంతోషం ఏదైనా ఉందంటే అదొక్కటే.

కోర్టులో నిందితుడి లాయరు తాపీగా లేచాడు.

"పట్టుకున్న చిలకలు చూపిస్తారా?"

"వదిలేశానండీ."

"ఏం వదిలారు? మా క్లయింటు అవి పావురాలంటున్నాడు. పావురాన్ని బండిలో తీసుకెళ్తే నేరమని చట్టంలో ఎక్కడుందో చూపించండి, నేను నోరు మూసుకుని కూర్చుంటాను."

కోర్టు హాలంతా నవ్వింది. మెజిస్ట్రేటు నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత కేసు కొట్టేస్తూ, బాధ్యత తెలియని ఉద్యోగులంటూ కడిగిపారేశాడు. వ్యాను యజమాని అప్పటికి పిట్టల వ్యాపారి. ఊళ్ళో అతన్ని పంజరాలాయన అనేవారు. అతను వరండాలో కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ఆప్యాయంగా అన్నాడు:

"చిలకల్ని వదిలి పుణ్యం మూటగట్టుకున్నావు బాబూ. నన్ను కూడా వదిలావు. ఆ పుణ్యం ఎక్కడికి పోతుంది, అదీ నీకే."

ఆ చెయ్యి బరువు భుజం మీద నుంచి దిగడానికి చాలా ఏళ్ళు పట్టింది. దిగిందా అంటే, చివరిదాకా దిగలేదనే చెప్పాలి.

ఆ రోజు నుంచి ఆయన పద్ధతికి కట్టుబానిస అయ్యాడు. జప్తు చేసిన ప్రతి వస్తువుకూ సీలు, ప్రతి సీలుకూ ఇద్దరు సాక్షులు. ఆ తర్వాత పద్ధతిలో లోపం వల్ల ఆయన కేసు ఒక్కటీ పోలేదు. కొత్తగా చేరిన గార్డులకు ఆయనే పాఠాలు చెప్పేవాడు. "సీలంటే నా కన్ను. నేను లేనప్పుడు అది కాపలా కాస్తుంది. సాక్షులు లేకుండా నేనే వచ్చి తియ్యమన్నా తియ్యకండి" అనేవాడు. ఊరికే అనడం కాదు, పరీక్షించేవాడు కూడా. సన్నగా పొడుగ్గా ఉండే ఒక గార్డు దగ్గరికి ఒకసారి కావాలనే వెళ్ళి, తొందర నటిస్తూ, ఒక సంచి సీలు విప్పమన్నాడు. గార్డు వణికిపోతూనే, "సాక్షులేరి సార్?" అన్నాడు. ఆయన అతని వీపు తట్టాడు. ఆ దెబ్బతో గార్డు మరో అడుగు పొడుగు పెరిగినట్టు నడిచాడు.

ఇంట్లో ఆయన పప్పులు ఉడికేవి కావు. కారణం మరదలు. భార్యకు ఒక్కగానొక్క చెల్లెలు, పశువుల ఆస్పత్రిలో డాక్టరు. ఆఫీసులో ఎవరూ ఎదురు మాట్లాడని మనిషిని ఆవిడ ఉతికి ఆరేసేది.

"బావా, పొద్దున అక్క పాలగిన్నె మీద మూత పెడితే సీలేదీ అని అడిగావట?"

"అడగలేదు. పిల్లి సాక్ష్యం చెల్లదని మాత్రం చెప్పాను."

"పాపం మా అక్క. నిన్ను చేసుకున్న రోజే దాని నోటికి సీలు పడిపోయింది."

"పడితే ఈ ఇల్లింత గోలగా ఎందుకుంటుందమ్మా?"

వంటింట్లోంచి భార్య గరిటె చప్పుడు గట్టిగా వినిపించేది. ముగ్గురూ నవ్వేవారు. జప్తులో దొరికిన జంతువులను పరీక్షించడానికి ఆయన ఎప్పుడూ మరదలినే పిలిచేవాడు. చుట్టరికం వల్ల కాదు. చేత్తో తాకగానే జంతువుకు భయం తగ్గే డాక్టరు ఆ చుట్టుపక్కల ఆవిడ ఒక్కతే.

పంజరాలాయన ఈలోగా బాగా పైకొచ్చాడు. పిట్టలు మానేసి పెద్ద సరుకుకు దిగాడు. రవాణా కంపెనీ పెట్టాడు. పేరు మాత్రం పోలేదు. అతను ఏ సరుకునూ తన చేత్తో ముట్టుకోడు, సరుకున్న చోట కనపడడు. అందుకే ఒక శుక్రవారం మధ్యాహ్నం, బస్టాండు వెనక పార్సిల్ గోడౌనులో అతనే స్వయంగా ఉన్నాడని కబురు వచ్చేసరికి లక్క సారు చేస్తున్న పని వదిలేసి లేచాడు. కొనేవాడు సరుకు కళ్ళతో చూస్తే గానీ తీసుకోనన్నాడట. చూపించడానికి యజమాని రాక తప్పలేదు.

గోడౌనులో ఒక మూల నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము. మూతకు మేకుతో పొడిచిన కన్నాలు. మూత తీస్తే అడుగున రాతిబంతి లాంటిది ఉంది. అలుగు. ఒళ్ళంతా పొలుసులున్న ఈ జంతువు భయమేస్తే తల కడుపులో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. పులి పంజాకు కూడా ఆ చుట్ట విడదు. అదే మనిషికి వీలు, బంతిని ఎత్తి డ్రమ్ములో వేసుకోవచ్చు. చీమలు, చెదలు తప్ప మరేదీ తినదు. దాని పొలుసుల్లో ఏదో మందుందన్న వెర్రి నమ్మకానికి ఆ జాతే తుడిచిపెట్టుకుపోతోంది.

పంజరాలాయన ఆయనను గుర్తుపట్టాడు. "ఓ, చిలకల బాబూ" అన్నాడు.

"ఇది ఎగిరిపోదు" అన్నాడు లక్క సారు.

ఆఫీసుకు తెచ్చి జప్తు గదిలో ఇనుప బోనులో పెట్టారు. మరదలు వచ్చింది. చేతులతో ఎత్తి బరువు చూసింది, చెవి ఆనించి ఊపిరి వింది, పొలుసుల సందులో సూది పెట్టి సెలైన్ ఎక్కించింది. చేతులు కడుక్కుని వచ్చి బావ ఎదురుగా నిలబడింది.

"రోజుల తరబడి నీళ్ళు లేవు దీనికి. రోజూ సెలైన్ ఎక్కించాలి. అసలు మందు మాత్రం చీమల పుట్టే. నేను సర్టిఫికెట్ రాసిస్తాను, ఫొటోలు తీయించు. సాయంత్రం లోపల అడవిలో వదిలేద్దాం."

"సోమవారం కోర్టుంది. మెజిస్ట్రేటు కళ్ళారా చూస్తాడు, ఆర్డరిస్తాడు. ఆ సాయంత్రమే తెచ్చి నీ చేతుల్లో పెడతాను."

"సోమవారానికి ఇది ఉండాలిగా."

"ఇవాళ సెలైన్ ఎక్కించావుగా."

"ఇవాళ నువ్వు భోజనం చేశావుగా. సోమవారం దాకా ఉంటావా?" అంది. ఆయన జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీశాడు. "పోనీ, నా ఆస్పత్రిలో ఉంచు. నేను కాపలా కాస్తాను."

"ఆస్పత్రిలో ఉంచితే లాయరు అడిగే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? ఈ డాక్టరు మీకేమవుతుంది? నేనేం చెప్పను, మరదలని చెప్పనా? ఇంట్లో వాళ్ళ చేతుల్లో పెట్టుకుని సరుకు మార్చారంటాడు. అంతటితో కేసు నీళ్ళపాలు."

"ఉన్నమాట చెప్పడానికి భయమెందుకు బావా?"

"నీకు తెలీదు, వాళ్ళు దాన్నెలా మెలితిప్పుతారో. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఈ ఆఫీసులో నువ్వు డాక్టరువి. నా మరదలివి కాదు."

ఆ మాటను గట్టిగా కూడా అనలేదు. ఎన్నోసార్లు చెప్పిన పాఠం చెప్పినట్టే అన్నాడు. తర్వాత టీకొట్టు యజమానినీ పార్సిల్ గుమాస్తానూ సాక్షులుగా నిలబెట్టి, బోను తాళానికి గుడ్డ చుట్టి, కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి, ఇత్తడి ముద్ర నొక్కాడు. ప్రాణమున్న జంతువుకు అంతవరకు ఆ ఆఫీసులో ఎవరూ సీలు వెయ్యలేదు. అంతకుముందు ఏ అధికారికీ అంత శ్రద్ధ లేదు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. బతికున్న జంతువును డాక్టరు సర్టిఫికెట్ మీద, ఫొటోలు తీసి, వెంటనే వదిలేయవచ్చని చట్టానికి సవరణ వచ్చి అప్పటికే చాలా కాలమైంది. చిలకల కేసు నాటికి ఆ వీలు లేదు. అలుగు నాటికి ఉంది. సవరణ కాగితం ఆయన బల్ల మీద ఉన్న పుస్తకంలోనే అతికించి ఉంది. ఆయన చదివాడు కూడా. కానీ ఏ కోర్టులోనూ దాన్ని ఎవరూ వాడి చూపించలేదు, డిపార్టుమెంటు దాని మీద ఒక్క తరగతి నడపలేదు, పైఅధికారి ఒక్కడూ 'వదిలెయ్, నేనున్నాను' అని అనలేదు. చట్టం తెరిచిపెట్టిన తలుపు ముందు నిలబడి, ఆయన దాన్ని గోడ అనుకున్నాడు. అలా అనుకునేలా ఆయనను తయారుచేసిన వాళ్ళెవరికీ ఆ శుక్రవారం నిద్ర చెడలేదు.

ఆ సాయంత్రమే పంజరాలాయన డ్రైవరు తన యజమాని భాగస్వామి ఎక్కడున్నాడో బయటపెట్టాడు. అది పొరుగు పట్నం. లక్క సారు వెంటనే బయల్దేరాడు. దాడికి వెళ్ళేటప్పుడు కబురు పొక్కకుండా అందరి ఫోన్లూ ఆపించి ఒక సంచిలో వేయించడం ఆయన పెట్టిన నియమం. తన ఫోను మొదట వేసేవాడు. ఇత్తడి ముద్ర మాత్రం జేబులోనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం భాగస్వామిని పట్టుకుని ఆఫీసుకు తిరిగొచ్చాడు. గేటు దగ్గర పొడుగు గార్డు నిటారుగా నిలబడి ఎదురొచ్చాడు. అతని మొహం వెలిగిపోతోంది.

"సార్, నిన్న డాక్టరమ్మ వచ్చారు. సూది వెయ్యాలి, సీలు తియ్యమన్నారు. మీకు ఫోన్ చేశాం, కలవలేదు. నేను తియ్యలేదు సార్. బతిమాలారు. కేకలేశారు. నీ ఉద్యోగానికి పూచీ నాది అన్నారు. అయినా తియ్యలేదు. ఇవాళ పొద్దున్నే మళ్ళీ వచ్చారు. అప్పుడూ తియ్యలేదు సార్."

వీపు తడతారేమోనని గార్డు కొంచెం ముందుకు వంగాడు కూడా.

లక్క సారు అతన్ని దాటుకుని లోపలికి పరుగెత్తాడు. మరదలు బోను ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉంది. ఊచల సందులోంచి లోపలికి తోసిన నీళ్ళ పళ్ళెం తోసినట్టే ఉంది. అలుగు చుట్ట విడిపోయింది. భయం ఉన్నంతసేపే అది బంతిలా ఉంటుంది. భయపడే ఓపిక కూడా పోయాక పొడుగ్గా చాపుకుని పడుకుంటుంది. అప్పుడే మొదటిసారి ఆయన దాని మొహం చూశాడు. సన్నటి, పొలుసుల్లేని, చిన్నపిల్లలాంటి మొహం.

ఆయన బోను ముందు వంగాడు. మరదలు లేచి సంచి భుజాన వేసుకుంది.

"సీలు చూసుకోండి సార్" అంది. "చెక్కుచెదరలేదు."

అంతవరకు ఆవిడ ఆయనను మీరు అని ఎరగదు. సార్ అని అసలే ఎరగదు.

జప్తు రిజిస్టరులో గుమాస్తా 'వస్తువు పాడైపోయినది' అని రాశాడు. కుళ్ళిన పండ్లకు ఏం రాస్తారో అదే. విచారణ లేదు, సంజాయిషీ అడగలేదు. ఒక నిండు ప్రాణం ప్రభుత్వపు తాళం వెనక, ప్రభుత్వపు ముద్ర కింద దాహంతో పోతే, ఎందుకు పోయిందని అడిగే గడి ఆ డిపార్టుమెంటు కాగితాల్లో ఎక్కడా లేదు.

కేసు మాత్రం బ్రహ్మాండంగా నడిచింది. నిందితుడి లాయరు ఎన్ని వైపుల నుంచి తవ్వినా గడ్డపార దిగలేదు. పంజరాలాయనకు శిక్ష పడింది. తీర్పులో న్యాయమూర్తి, ముద్ర ఆసాంతం చెక్కుచెదరకుండా ఉన్నదని, ఇటువంటి నిబద్ధత గల అధికారులు అరుదని రాశారు. చెక్కుచెదరకుండా: ఆ రోజు మరదలు అన్న మాటే. ఆ వాక్యాన్ని ఆఫీసులో పెద్ద అక్షరాలతో టైపు చేయించి గోడకు తగిలించారు. ఆయన రోజూ దాని కిందుగా తల వంచుకుని నడిచేవాడు. వినయం అనుకున్నారు.

అప్పీలులో శిక్ష తగ్గింది; అప్పటిదాకా జైల్లో ఉన్నది చాలన్నారు. పంజరాలాయన జుట్టు నెరిసి బయటికొచ్చి, మళ్ళీ అదే కోర్టు వరండాలో, మళ్ళీ అదే భుజం మీద చెయ్యి వేశాడు.

"మొదటిసారి పిట్టలూ బతికాయి, నేనూ బతికాను. ఈసారి నేనొక్కణ్ణే బతికాను. పనితనం బాగా పెరిగింది సారూ."

ఈసారి ఆయన ఆ చేతిని విదిలించుకోలేదు. అన్నదాంట్లో అబద్ధం ఏముందని?

మరదలు రాకపోకలు మానలేదు. అక్కను చూడటానికి ఎప్పటిలాగే వచ్చేది, ఎప్పటిలాగే వంటింటి గట్టు మీద కూర్చునేది. ఆయన కనిపిస్తే లేచి నిలబడేది. "అక్కా, సార్ వచ్చారు, కాఫీ పెట్టు" అనేది. తిట్టినా బాగుండేది. భార్య ఇద్దరి మధ్యా నలిగిపోయి, ఒకరోజు ఆయన్ను పట్టుకుంది.

"అది నోటి మాటకు కరిగే మనిషే. తప్పయిపోయిందని ఒక్కసారి అనండి, మీ సొమ్మేం పోతుంది?"

"అందామనే మొదలుపెడతాను."

"పెట్టి?"

"పద్ధతి ప్రకారం అలా చెయ్యాల్సి వచ్చిందని చెప్తున్నానని సగంలో తెలుస్తుంది. ఆపేస్తాను."

"మీ నోటికి సీలు ఎవరు వేశారండీ" అంది భార్య. ఒకప్పుడైతే ఆ మాటకు ముగ్గురూ నవ్వేవారు.

ఆయన చేయగలిగింది ఒకటే చేశాడు. ప్రాణమున్న దేనికీ సీలు వెయ్యరాదని, డాక్టరు చెప్పిన మరుక్షణం వదిలెయ్యాలని, నియమాలు మార్చమని పైకి రాశాడు. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. మళ్ళీ రాశాడు. మళ్ళీ పరిశీలనలోనే ఉంది. పైఅధికారులు మారారు, కుర్చీలు మారాయి, గోడలకు రంగు మారింది, పరిశీలన మారలేదు. ఈలోగా కొత్త గార్డులు ఆయన పాత పాఠమే నేర్చుకుంటున్నారు. మంచి పాఠం కదా, కేసు గెలిచిన పాఠం. ఆయన వద్దన్నా పొడుగు గార్డు వాళ్ళకు ఆ అలుగు కథ చెప్పేవాడు, తాను సీలు తియ్యని కథగా.

ఉద్యోగ విరమణ రోజు ఆయన ఇత్తడి ముద్రను గాజుపెట్టెలో పెట్టి బహూకరించారు. ఎవరో కొంటెవాడు ఆ పెట్టె మూతకు లక్కతో సీలు వేశాడు. సభంతా పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. మొదటి వరసలో భార్య పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం చెల్లెలికి భోజనం క్యారియరు ఇచ్చొచ్చే పని భార్య ఆయనకు అప్పగించింది. ఆస్పత్రి పక్కనే క్యాంటీను ఉందని ముగ్గురికీ తెలుసు. ఆయన క్యారియరు బల్ల మీద పెట్టి, "మీ అక్క పంపింది" అనేవాడు. ఆవిడ "థ్యాంక్స్ సార్" అనేది. తిని కడిగి ఇచ్చేదాకా ఆయన గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చుని, కట్లు కట్టించుకుంటున్న కుక్కలనూ సూదులకు బెదిరే మేకలనూ చూస్తుండేవాడు. అంతకు మించి మాటలుండేవి కావు. అలా ఏళ్ళు నడిచాయి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పొడుగు గార్డు ఆస్పత్రికి వచ్చాడు. ఇప్పుడతను గార్డు కాదు, అధికారి. పొట్ట వచ్చింది, మీసం నెరిసింది. వెనక ఇద్దరు మనుషులు పండ్లు తెచ్చే చెక్కపెట్టె ఒకటి మోసుకొచ్చారు. ముందువైపు ఇనుప జాలీ, పెట్టె చుట్టూ తాడు, తాడు ముడి మీద ఎర్రగా లక్క. లోపల పెద్ద గుడ్లగూబ ఉంది. ఒక రెక్క, పట్టినవాళ్ళు కాళ్ళకు కట్టిన తాడులో మెలిపడి, విదిలించుకున్నప్పుడల్లా రక్తం చిమ్ముతోంది. నోరు తెరుచుకుని రొప్పుతోంది.

"సార్, మీరు కూడా ఇక్కడే ఉన్నారా" అన్నాడు సంతోషంగా. "చూశారా, మీరు నేర్పినట్టే. సాక్షుల్లో ఒకాయన బండి పార్కింగులో పెడుతున్నాడు. రాగానే సీలు తీసేస్తాం డాక్టరమ్మా, ఒక్క నిమిషం." సాక్షిని తొందరపెట్టడానికి బయటికి వెళ్ళాడు. మోసుకొచ్చిన ఇద్దరూ నీళ్ళ కోసం వెళ్ళారు.

మరదలు చేతి తొడుగులు వేసుకుని పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కదల్లేదు. ఆవిడ కళ్ళు లక్క మీదే ఉన్నాయి.

లక్క సారు బెంచీ మీద నుంచి లేచాడు. వంగి, బొటనవేలి గోరు ముద్ర అంచు కింద దూర్చి లేపాడు. లక్క పెళుసుగా విరిగింది. ముడి విప్పాడు, తాడు లాగేశాడు.

"మీరేం చేస్తున్నారు సార్?"

"ముందు దాన్ని చూడు."

ఆవిడ చూసింది. రెక్క విడిపించి, రక్తం ఆపి, మెత్తటి గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుంది. గుడ్లగూబ పసుపుపచ్చటి కళ్ళు ఒకసారి మూసి తెరిచింది. ఆవిడ తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఆ శనివారం కత్తెర నా చేతిలోనే ఉంది. సీలు దాకా వెళ్ళింది. గార్డు మీకు ఫోన్ చెయ్యడానికి బయటికి వెళ్ళాడు. తాళంచెవి పక్కన మేకుకే ఉంది, చూసేవాళ్ళెవరూ లేరు. ఒక్క నొక్కు నొక్కితే అయిపోయేది." కాస్త ఆగింది. "కేసు పోతుందని ఆగాను. మళ్ళీ కోర్టులో మిమ్మల్ని చూసి నవ్వుతారని ఆగాను. నన్నెవరూ ఆపలేదు. కత్తెర సంచిలో పెట్టుకుని కూర్చుని, అది పోతుంటే చూశాను."

ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. సార్ అన్న పిలుపు తనకు వేసిన శిక్ష అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్ళూ. అందులో సగం ఆవిడ అనుభవిస్తోందని తట్టనే లేదు. ఒక్కసారి నోరు విప్పి తప్పు నాది అని ఉంటే ఆ సగమైనా దించి ఉండేవాడు. ఇద్దరూ ఒకే బోను ముందు అటొకరు ఇటొకరు ఇన్నేళ్ళు కూర్చున్నారు.

"తప్పు నాది" అన్నాడు. వెనక ఏ పద్ధతీ తగిలించలేదు.

ఆవిడ గుడ్లగూబ తల నిమురుతూనే ఉంది.

సాక్షిని వెంటబెట్టుకుని వచ్చిన అధికారి, నేల మీద లక్క ముక్కలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "సీలు" అన్నాడు.

"నేను పగలగొట్టాను. రాసుకో" అన్నాడు లక్క సారు.

"సార్, అదేం మాట. బండి కుదుపుకు ఊడిపోయిందని రాస్తాను."

"అబద్ధం రాయమని నేర్పానా నీకు? సాక్ష్యాన్ని చెరిపినందుకు కేసు పెట్టాలి. ఏ సెక్షనో నీకు తెలుసు. రాయి."

"గుడ్లగూబను అమ్మినవాడు బయటపడతాడు సార్."

"పడొచ్చు. ఫొటోలు, డాక్టరు సర్టిఫికెట్ పెట్టి గట్టిగా వాదించమను. ఆ వీలు చట్టంలో ఉంది. నేను వాడలేదు, నువ్వైనా వాడు."

అధికారి కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. పేరు, వయసు, చిరునామా రాసుకున్నాడు. పగలగొట్టగా చూసినవారు అన్నచోట డాక్టరమ్మ అని రాశాడు. తర్వాతి గడి దగ్గర కలం ఆగింది. సాక్షికి నిందితుడితో గల బంధుత్వం. అతను ఈయన వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. ఆ ఇద్దరి మధ్యా సార్ తప్ప మరో పిలుపు లేదని ఊరందరికీ తెలుసు.

"వదిలేయనా సార్?"

"వదిలేస్తే రేపు లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే" అన్నాడు లక్క సారు.

"బావ" అంది ఆవిడ, గుడ్లగూబ మీద నుంచి చూపు తిప్పకుండా. "ఆయన మా బావ. రాయి."

అతను రాశాడు. గడిలో సగం కూడా నిండలేదు. ఆ శుక్రవారం ఏ లాయరో అడుగుతాడని తాను భయపడి, బోనుకు తాళం వేసి, తాళానికి సీలు వేసి తప్పించుకున్న జవాబు ఇంత చిన్నదా అని లక్క సారు ఆ కాగితం వంక చూస్తూ ఉండిపోయాడు.